పాత తెలుగు పుస్తకాల తొలి ముద్రణలు సేకరించడం ఎలా: నల్లగొండ, పాలమూరు ప్రాంతాల వారికి మార్గదర్శి

"మా తాతగారి సందూకలో పాత పుస్తకాలున్నాయి. ఇవి మొదటి అచ్చువేనా? ఎట్ల తెలుస్తది? ఎట్ల దాచుకోవాలె?" ఈ మూడు ప్రశ్నలు నన్ను అడగనివారు లేరు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మొత్తం పద్ధతి ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. పుస్తకం లోపలి పద్యమో కథో ఈరోజు ఇంకోచోట కూడా దొరుకుతుంది. ఆ ప్రతి ఎప్పుడు, ఏ ఊళ్లో, ఎవరి ఖర్చుతో అచ్చయిందో చెప్పేవి మాత్రం పై అట్ట, ముందున్న నాలుగైదు ఆకులు, చివరున్న నాలుగైదు ఆకులు. చిరిగాయని, మాశాయని మన ఇళ్లల్లో మొదట పారేసేవి అవే. సేకరణ అంటే సగం పని ఆ ఆకులను కాపాడడమే.

## 1. ముందు హద్దు గీసుకోండి

"పాతవన్నీ కొంటాను" అనుకుంటే ఆరు నెలల్లో ఇల్లు నిండుతుంది, చేతికి మంచి పుస్తకం ఒక్కటీ రాదు. ఒక చిన్న పరిధి పెట్టుకోండి. మన ప్రాంతం వారికి సహజంగా కుదిరేవి ఇవి:

- సంస్థానాల పుస్తకాలు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం ప్రభువులకు అంకితమైన కావ్యాలు, వారి సాయంతో అచ్చయిన గ్రంథాలు. గద్వాలను విద్వద్గద్వాల అని ఊరికే అనలేదు.
- పత్రికలు, సంచికలు. 1922లో నల్లగొండ నుంచి వచ్చిన నీలగిరి పత్రిక, 1926లో మొదలైన గోలకొండ పత్రిక, 1934 నాటి గోలకొండ కవుల సంచిక.
- సభల కాగితాలు. 1931లో దేవరకొండలో, 1936లో షాద్‌నగర్‌లో, 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభల వంటి వాటి ఉపన్యాసాలు, నివేదికలు, కరపత్రాలు. పుస్తకమంత మందం లేదని జనం వీటిని పట్టించుకోరు. నా లెక్కలో అన్నిటికన్నా అరుదైనవి ఇవే.
- ఒకే రచయిత. సురవరం ప్రతాపరెడ్డి గానీ, వట్టికోట ఆళ్వారుస్వామి గానీ, మీకు ఇష్టమైన ఇంకొకరు గానీ. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పే దారి ఇదే.

పరిధి తేలాక, ఆ రచయిత పుస్తకాల పట్టిక ఒకటి సొంతంగా తయారు చేసుకోండి. పేరు, తొలి ముద్రణ ఏడు (సంవత్సరం), అచ్చుకూటం, పేజీలు, వెల అని ఐదు గడులు చాలు. ఇందుకు హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం పనికొస్తాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. ముఖపత్రం (అట్ట లోపల పుస్తకం పేరు, రచయిత పేరు అచ్చేసిన ఆకు) ఫొటో ఫోన్‌లో దాచుకుంటే దుకాణంలో నిలబడి పోల్చి చూసుకోవచ్చు.

## 2. సంచిలో ఉండవలసినవి

- పదింతలు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం
- రంగు అంటని కొత్త పెయింట్ బ్రష్, మెత్తనిది, రెండంగుళాలది
- 2బి పెన్సిల్ (పుస్తకం దగ్గర పెన్ను తీయనే వద్దు)
- చిన్న స్కేలు, నోటు పుస్తకం
- జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లు, ఉతికిన నూలు గుడ్డ
- ముక్కుకు మాస్కు, ఎందుకంటే అటక మీది దుమ్ములో బూజు ఉంటుంది
- చిల్లర నోట్లు

## 3. ఎక్కడ వెతకాలి, ఎప్పుడు వెతకాలి

దసరాకు, ఉగాదికి ఇండ్లకు సున్నాలు వేసే ముందు పది రోజులే అసలు సీజను. అటకలు దులిపేదీ, సందూకలు దించేదీ అప్పుడే. పాత మిద్దెలు కూల్చి స్లాబు వేసుకునే ఎండకాలం రెండోది.

పట్టణంలో ఉన్న పాత పేపర్ల దుకాణాలను ఒక్కొక్కటిగా పరిచయం చేసుకోండి. నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి, దేనికైనా పద్ధతి ఒకటే. ఒకసారి వెళ్లి ఖాళీ చేతులతో వచ్చినా, దుకాణదారుకు మీ పని ఏమిటో చెప్పి రండి. "అన్నా, అట్ట లేకున్నా పర్వాలేదు, పాత తెలుగు అక్షరాల పుస్తకం వస్తే కాంటా మీద పెట్టకముందు నాకొక ఫోన్ కొట్టు" అంటే చాలు. కిలో ధరకు మించి ఎంతో కొంత ఇస్తామని ముందే ఖాయం చేయండి. రెండుసార్లు మాట నిలబెట్టుకుంటే మూడోసారి అతనే పిలుస్తాడు.

ఇండ్లకు వెళ్లేటప్పుడు తెలిసినవారిని వెంట తీసుకుపోండి. పాత పంతుళ్ల, పట్వారీల, వైద్యుల, పురాణం చెప్పేవారి ఇండ్లల్లో పుస్తకాలు ఎక్కువ. వెళ్లగానే "అమ్ముతారా" అని అడగకండి. "అమ్మా, పెద్దాయన చదివిన పుస్తకాలుంటే ఒక్కసారి చూపెట్టుండ్రి, ఫొటో తీసుకొని ఇచ్చేస్త" అనండి. ఫొటో దొరికినా మీ పట్టికలో ఒక గడి నిండుతుంది. ఇవ్వాలో వద్దో వారు నెమ్మదిగా ఆలోచించుకుంటారు.

హైదరాబాదులో కోఠి, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు ఉండనే ఉన్నాయి. తెల్లవారి తొందరగా చేరుకోండి.

## 4. తొలి ముద్రణో కాదో తేల్చడం

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఒక్క ఆధారం చూసి తీర్పు చెప్పకండి. కనీసం మూడు ఆధారాలు ఒకే మాట చెప్పాలి.

### 4.1 ముఖపత్రం, దాని వెనక

"ప్రథమ ముద్రణము", "మొదటి కూర్పు", "తొలి ముద్రణ" వంటి మాటలు, ప్రతుల సంఖ్య ఎక్కువగా ముఖపత్రం వెనక ఉంటాయి. పాత పుస్తకాల్లో ముఖపత్రం మీదనే ఉండొచ్చు. ఏమీ రాయకపోతే తొలి ముద్రణ కావచ్చు, కాకపోనూ వచ్చు.

ఒక పెద్ద చిక్కు చెబుతాను. ఒక ప్రచురణ సంస్థ పాత పుస్తకాన్ని మళ్లీ వేసినప్పుడు తన పేరు పెట్టుకొని "ప్రథమ ముద్రణ" అని వేస్తుంది. అది ఆ సంస్థకు మొదటిసారి, పుస్తకానికి కాదు. మీ పట్టికలోని అచ్చుకూటం పేరుతో సరిపోల్చకుండా ఆ మాట నమ్మకండి.

కూర్పు వేరు, ముద్రణ వేరు. కన్యాశుల్కం తొలి కూర్పు 1897లో వచ్చింది. గురజాడ దాన్ని బాగా పెంచి, మార్చి 1909లో మళ్లీ వేశారు. ఈనాడు మనం చదువుకునేది 1909 నాటి రూపం. అలాంటి చోట రెండో కూర్పు తొలి ప్రతి కూడా సేకరించదగినదే. ఉన్నదున్నట్టు మళ్లీ అచ్చువేసిన రెండో ముద్రణకు ఆ విలువ రాదు.

### 4.2 ఏడు లెక్క కట్టడం

మన వైపు దొరికే పుస్తకాల మీద ఏడు నాలుగు రకాలుగా ఉంటుంది.

- తెలుగు అంకెలు. ౧౯౩౪ అంటే 1934. ౬ను, ౯ను భూతద్దంతో చూడండి, అరిగిన అచ్చులో తికమక పడతాం.
- సంవత్సరం పేరు. అరవై ఏండ్లకొకసారి తిరిగి వస్తుంది. ప్రభవ అంటే 1867, 1927, 1987ల్లో ఉగాదితో మొదలైన ఏడాది. భావ అంటే 1874, 1934, 1994. మూడింటిలో ఏదో కాగితం, అక్షరం చూసి తేల్చాలి.
- శాలివాహన శకం. 78 కలపండి. నెల ఉగాదికి ముందు జనవరి నుంచి మార్చి మధ్యదైతే 79.
- ఫసలీ, అంటే నిజాం సర్కారు వాడిన పంట ఏడు. నిజాం రాష్ట్రంలో అచ్చయిన వాటి మీద కనిపిస్తుంది. అక్కడి ఫసలీ ఏడాది అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలయ్యేది. ఆజుర్, దై, బహమన్ నెలలకు 590 కలపాలి, మిగతా వాటికి 591. ఆజుర్ 1344 అంటే 1934 అక్టోబరు. 1358 ఫసలీ చివరి నెలలు 1949లోకి వస్తాయి.

ఫసలీని ఆంధ్ర ప్రాంతం లెక్కతోనో, హిజ్రీ లెక్కతోనో కలిపేసి ఏండ్ల తేడా తెచ్చుకున్నవారు చాలామంది. ఎక్కడ అచ్చయిందో ముందు చూసి, తర్వాత లెక్క కట్టండి.

### 4.3 వెల, చిరునామా చెప్పే సంగతులు

ఏడు లేని పుస్తకానికి ఇవే దిక్కు.

- వెల అణాల్లో ఉంటే సాధారణంగా 1957 ఏప్రిల్‌కు ముందుది. నయా పైసల్లో ఉంటే ఆ తర్వాతది.
- "హాలీ" అని ఉంటే నిజాం సిక్కా. "కల్దారు" అంటే ఇంగ్లీషువారి రూపాయి. రెండు వెలలూ పక్కపక్కన ఉంటే పుస్తకం రెండు ప్రాంతాల్లోనూ అమ్మడానికి వేసిందని అర్థం.
- ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కు తర్వాతి అచ్చు. ముఖపత్రం మీద 1930ల ఏడు ఉన్నా సరే, అట్ట మీద పిన్ కోడ్ కనిపిస్తే అది నకలు ముద్రణ.
- "1867 సంవత్సరపు 25వ ఆక్టు ప్రకారము" అని ఉంటే బ్రిటిషు పాలనలోని ప్రాంతంలో, ఎక్కువగా చెన్నపురి వైపు అచ్చయింది.
- బహుమతుల ప్రస్తావన చూడండి. సురవరం వారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వచ్చింది, దానికి సాహిత్య అకాడమీ బహుమతి 1955లో దక్కింది. అట్ట మీద ఆ బహుమతి మాట ఉన్న ప్రతి తొలి ముద్రణ అయ్యే వీలే లేదు.

మూల్యం మీద కొత్త చీటీ అంటించి ఉంటే పీకకండి. వెలుతురుకు ఎత్తిపట్టి కింద ఏముందో చదవండి.

### 4.4 అక్షరాలు, అచ్చు

పాత అచ్చులో సీసపు అక్షరం కాగితాన్ని గట్టిగా ఒత్తుతుంది. ఫోన్ లైటు పక్కవాటుగా వేసి ఆకు వెనక చూస్తే ఆ ఒత్తు గరుకుగా కనిపిస్తుంది, వేలికీ తగులుతుంది. తర్వాతి ఆఫ్‌సెట్ నకళ్లలో ఆకు నున్నగా ఉంటుంది. పాత ముఖపత్రాన్ని యథాతథంగా ఫొటో తీసి వేసిన నకళ్లు ఈ ఒక్క పరీక్షతోనే తేలిపోతాయి.

వలపలగిలక చూడండి. ధర్మము అనే మాటను "ధమ౯ము" అన్నట్టు, తొమ్మిదంకె లాంటి గుర్తుతో వేసేవారు. అరసున్న, బండి ఱ విరివిగా ఉండడం కూడా పాతదనానికి గుర్తు. అయితే పండితులు 1950ల తర్వాత కూడా అరసున్న వదలలేదు. కాబట్టి దీన్ని తోడు సాక్షిగానే తీసుకోండి.

### 4.5 చివరి ఆకులు

తప్పొప్పుల పట్టిక ఉందేమో చూడండి. ఉంటే అందులో చెప్పిన రెండు మూడు తప్పులను లోపలి పేజీల్లో వెతకండి. తప్పులు అలాగే ఉంటే మంచి గుర్తు. లోపల దిద్ది ఉంటే అది తర్వాతి అచ్చు, లేదా పట్టిక వేరే ప్రతి నుంచి వచ్చి చేరింది.

ప్రకటనల పేజీల్లో అదే సంస్థ వేసిన ఇతర పుస్తకాల పేర్లుంటాయి. ముఖపత్రం ఏడుకు తర్వాత వచ్చిన పుస్తకం అక్కడ కనిపిస్తే, అచ్చు పాతదే అయినా అట్ట తర్వాత కుట్టినదని అనుమానించాలి. ఎక్కువ డబ్బు పెట్టే ముందు ఇది తప్పక చూడండి.

## 5. ఆకులు లెక్కపెట్టడం

పేజీ నంబరు చూసి సరిపెట్టుకోవద్దు. ఎనిమిది లేదా పదహారు పేజీలకొకసారి పేజీ అడుగున చిన్న అంకె ఉంటుంది, అది ఫారం నంబరు (ఒక పెద్ద కాగితం మడిస్తే వచ్చే పేజీల జట్టును ఫారం అంటారు). 1, 2, 3 వరుస తప్పకుండా ఉందో లేదో చూడండి. పీఠికకు, అంకిత పద్యాలకు వేరే అంకెలుంటాయి, వాటినీ విడిగా లెక్కించండి.

కొనేముందు వరుస:

- ☐ పై అట్ట, వెనక అట్ట అసలువేనా
- ☐ ముఖపత్రం, దాని వెనక రాత
- ☐ ప్రభువు లేదా రచయిత బొమ్మ (సంస్థానాల పుస్తకాల్లో ఎక్కువగా చించుకుపోయేది ఇదే)
- ☐ అంకితం, పీఠిక, అభిప్రాయాలు
- ☐ అన్ని ఫారాలు
- ☐ తప్పొప్పులు, ప్రకటనలు
- ☐ ముద్రలు, సంతకాలు, చేతిరాతలు

"సాదా ప్రతి ఇంత, కాలికో బైండు ఇంత" అని రెండు వెలలుంటే (కాలికో అంటే గుడ్డ అట్ట) మీ చేతిలో ఉన్నది ఏదో రాసుకోండి. సాదా ప్రతులే తక్కువగా మిగిలాయి.

## 6. బేరం, నిజాయితీ

ధర నిర్ణయించేది మూడు: అరుదు, స్థితి, చేతులు మారిన చరిత్ర. రచయిత సంతకమో, పాత గ్రంథాలయ ఉద్యమ కార్యకర్త సొంత ప్రతి అనే ఆధారమో ఉంటే చిరిగినదైనా కొనొచ్చు. అట్ట పోయి, ఆకులు పోయిన ప్రతికి మాత్రం ఎంత పాతదైనా పెద్ద ధర పెట్టకండి.

గ్రంథాలయం ముద్ర ఉండి, తొలగించినట్టు ముద్ర గానీ రాత గానీ లేకపోతే కొనవద్దు. ఆ గ్రంథాలయం ఇంకా నడుస్తూ ఉంటే వారికి తెలియజేయండి. ఇంటివారికి పుస్తకం విలువ తెలియదని కిలో లెక్కన తెచ్చుకోవడం నేను ఒప్పుకోను. ఏమిటో చెప్పి, తగిన ధర ఇచ్చి, చిన్న చీటీ మీద సంతకం తీసుకోండి.

తాళపత్రాలు, చేతిరాత గ్రంథాలు వేరే దారి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 75 ఏండ్లు దాటిన విలువైన రాతప్రతులు, నూరేండ్లు దాటిన ఇతర పురావస్తువులు సొంతంగా దేశం దాటించడం నేరం. విదేశాల్లోని బంధువులకు పోస్టులో పంపే ముందు ఇది గుర్తుంచుకోండి. తాళపత్రాలు దొరికితే హైదరాబాదులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం వారిని అడగడం మంచిది.

## 7. ఇంటికి తెచ్చాక మొదటి రెండు వారాలు

తెచ్చిన రోజే అల్మారాలో పెట్టకండి. ఒక్క పురుగు మిగతా పుస్తకాలన్నిటినీ తొలిచేస్తుంది.

1. విడిగా ఒక డబ్బాలో, మంచి గాలి తగిలే గదిలో రెండు రోజులు ఉంచండి. ఎండలో మాత్రం పెట్టవద్దు. మన మే నెల ఎండకు పాత కాగితం అప్పడమవుతుంది.
2. మాస్కు పెట్టుకొని, పుస్తకం మూసి పట్టుకొని, వీపు వైపు నుంచి బయటికి బ్రష్‌తో దులపండి. తడి గుడ్డ వాడవద్దు.
3. పురుగు ఆనవాళ్లుంటే, అంటే కొత్త పొడి రాలుతుంటే, పూర్తిగా ఆరిన పుస్తకాన్ని నూలు గుడ్డలో చుట్టి, జిప్ కవరులో గాలి తీసి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకండి. వెంటనే విప్పితే చెమ్మ పడుతుంది. తాళపత్రాలకు, తోలు బైండుకు ఈ పని చేయకండి.
4. తుప్పు పట్టిన పిన్నులను మెల్లగా విప్పి తీసేయండి. లాగితే ఆకు చిరుగుతుంది.

## 8. దాచడం

బీరువా గోడకు అరడుగు ఎడంగా ఉండాలి. రేకుల గదిలోనూ, వంటగది గోడకు ఆనించీ పెట్టవద్దు. జూలై నుంచి అక్టోబరు దాకా గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది. రెండు మూడు వందల రూపాయల తేమ కొలిచే చిన్న యంత్రం కొనండి, 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. వానాకాలంలో సిలికా జెల్ సంచులు పెట్టి, పదిరోజులకొకసారి ఆరబెట్టి మార్చండి.

సన్న పుస్తకాలను, కరపత్రాలను నిలబెట్టవద్దు, పడుకోబెట్టండి. ఒక్కొక్కదాన్ని ఆమ్లం లేని కాగితంలో గానీ, గంజి పోయేలా ఉతికిన తెల్ల నూలు గుడ్డలో గానీ చుట్టండి. ఎండిన వేపాకు, వస కొమ్ములు పెద్దల నాటి పద్ధతి, పెట్టుకోవచ్చు. అయితే గుడ్డ మూటలో కట్టి అరలో ఒక మూలకు ఉంచండి, పేజీల మధ్య పెడితే మరక పడుతుంది. నాఫ్తలీన్ గోళీలు పుస్తకానికి తగలనే కూడదు, పడుకునే గదిలో అసలే వద్దు.

రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి పుస్తకాలు ప్రత్యేకంగా చూసుకోండి. కాగితం కరువులో దొరికిన నాసిరకం కాగితం మీద వేసినవి చాలా ఉన్నాయి, తిప్పితేనే విరుగుతాయి. వాటిని ఒకసారి ఫొటో తీసి, చదవడానికి ఫొటోలే వాడండి.

## 9. జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

కొత్త బైండింగు చేయించడం. నా మొదటి మంచి పుస్తకాన్ని నేను ఒక బైండరుకు ఇచ్చాను. మూడు వైపులా అంచులు కోసి, పాత కాగితపు అట్ట, ప్రకటనల పేజీలు చెత్తలో వేసి, కొత్త రెక్సిన్ అట్టతో తెచ్చిచ్చాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. అది తొలి ముద్రణ అని చూపించే ఆధారం ఒక్కటీ మిగల్లేదు. ఆ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. అట్ట ఊడితే ఊడినట్టే ఉంచి, తెల్ల నాడాతో కట్టి, పెట్టెలో పెట్టండి.

సెల్లోటేపు అంటించడం. జిగురు పసుపై ఆకును తినేస్తుంది. ఇప్పటికే ఉంటే పీకవద్దు, నిపుణులకు చూపించండి. కొత్త చిరుగుకు పలచని జపాను టిష్యూ కాగితం, మైదా నుంచి తీసిన పిండి జిగురు చాలు. ఫెవికాల్ వద్దు.

లామినేషన్. తిరిగి విడదీయలేం. కరపత్రమైనా సరే, పారదర్శకమైన పాలిస్టర్ జేబులో పెట్టండి.

పెన్నుతో పేరు రాయడం, రబ్బరు ముద్ర వేయడం. మీ గుర్తు కావాలంటే వెనక అట్ట లోపల పెన్సిల్‌తో ఒక నంబరు చాలు. పాత యజమానుల రాతలు చెరపవద్దు, అవి పుస్తకం ప్రయాణానికి సాక్ష్యాలు.

రెండు ప్రతులు కలిపి ఒకటి చేయడం. ఒకదాని అట్ట ఇంకోదానికి తగిలించి పూర్తి ప్రతి అనడం తప్పు. చేయక తప్పకపోతే రిజిస్టరులో స్పష్టంగా రాయండి.

## 10. రిజిస్టరు

ప్రతి పుస్తకానికి ఒక పేజీ కేటాయించండి. నంబరు, పేరు, ముద్రణ, ఏడు లెక్క కట్టిన తీరు, ఫారాల లెక్క, లోపాలు, ఎక్కడ దొరికింది, ఎంతకు, ఎవరి ఇంటిది, తేదీ. అట్ట, ముఖపత్రం, దాని వెనక, చివరి ఆకు, ఈ నాలుగు ఫొటోలు తప్పనిసరి. ఎక్కడ దొరికిందో ఆ రోజే రాసుకోండి. దేవరకొండ అటకో, అలంపురం అంగడో నెల తిరిగేసరికి మరచిపోతాం.

రిజిస్టరు నకలు ఒకటి ఇంట్లో ఇంకొకరి చేతికివ్వండి. మీ తర్వాత ఏ గ్రంథాలయానికి చేరాలో మొదటి పేజీలోనే రాసి, వారికి చదివి వినిపించండి.